సీటు తప్పు కాదు

ఫిబ్రవరి 11

వదినకి,

ఉత్తరం చూసి కంగారు పడకండి, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు. చేస్తే మీరు స్పీకర్ పెడతారు, లాండ్రీ మిషన్ల మోతలో వినపడక "ఏంటీ, గట్టిగా చెప్పు" అంటారు, ఇస్త్రీ బల్లల దగ్గరున్న వాళ్ళంతా చెవులు రిక్కిస్తారు. మా ఇంట్లోనూ అంతే. మీ తమ్ముడి తోలు దుకాణానికీ మా వంటగదికీ మధ్య ఒక్క కర్టెన్ ఉంది. దానవతల ఎప్పుడూ ఎవరో ఒకరు బెల్టు కోసమో బ్యాగు కోసమో నిలబడి ఉంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఊరందరి ఉత్తరాలూ మోస్తున్నాను, ఒకటి నేను కూడా రాసుకుంటే తప్పేముంది.

విషయానికి వస్తాను. ఉత్తరాలు పంచే బీటు వదిలేసి పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుందామనుకుంటున్నాను. జూన్‌లో బీట్లు మారుస్తారట, ఆలోపు అడిగితే ఇస్తానంది మా పోస్ట్‌మాస్టర్. ఆ పిల్లకి నా కూతురి వయసు ఉంటుంది. నాకు బీటంటే ఎంత ప్రాణమో మీకు తెలుసు. వంతెన దాటగానే మొహానికి తగిలే గాలి, ఎత్తు సందు, గేటు దగ్గర నిలబడి "నాకేం లేవుగా?" అని అడిగి, లేవంటే సంతోషంగా లోపలికి వెళ్ళిపోయే లెక్కల మాస్టారు, వీళ్ళందర్నీ వదిలి స్టాంపులు చింపుతూ కూర్చోవడం నాకేం సరదా కాదు.

కానీ సైకిల్ సీటు మీద కూర్చోలేకపోతున్నాను వదినా. మంట. కొన్నాళ్ళుగా ఇంతే. ఎత్తు సందులో అందరూ లేచి తొక్కుతారు, నేను చదును రోడ్డు మీద కూడా లేచే తొక్కుతున్నాను. ఎదురొచ్చే వాళ్ళు తొందర్లో ఉన్నాననుకుని పక్కకి తప్పుకుంటున్నారు.

మీరు యాభైల్లో ఉన్నప్పుడు ఇలాంటిదేమైనా ఉండేదా? అడగొచ్చో లేదో తెలియక అడుగుతున్నాను. మీ తమ్ముడికి మాత్రం చెప్పకండి.

ఎదురుగా ఉంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. రమ్మంటే మీరు ఎలాగూ రారు, ఏడేళ్ళయింది మా గడప తొక్కి.

మీ మరదలు


ఫిబ్రవరి 19

ఏమే పోస్టమ్మా,

నీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను, చదివాక నవ్వొచ్చింది. సీటు బాగాలేకపోతే సీటు మార్చుకోవాలి గాని ఉద్యోగం మార్చుకుంటారటే? ఆ సీటు మావాడు కుట్టిందే కదా. వాడికి చిన్నప్పట్నుంచీ దారం పొదుపు చేసే బుద్ధి. నాకు బడికి కుట్టిచ్చిన సంచి వాన పడ్డ రోజునే ఊడి, పుస్తకాలన్నీ కాలవలో పడ్డాయి. నిన్ననే ఫోన్ చేసి నాలుగు పెట్టాను. "నీ పెళ్ళాం నీ సీటు మీద కూర్చోలేక చస్తోంది, ఇదేనా నీ పనితనం" అన్నాను. ఉద్యోగం సంగతి చెప్పొద్దన్నావు, అది చెప్పలేదులే. నా నోట్లో మాట దాగదని మీ అన్నయ్య అంటాడు గాని, చూశావా, దాచాను.

ఇక్కడ పెద్ద డ్రయ్యరు మళ్ళీ పాడైంది. హోటల్ దుప్పట్లన్నీ డాబా మీద ఆరేస్తున్నాం. మీ అన్నయ్య వ్యాన్ తోలుతూ గోడకి గీకాడు, గోడే దగ్గరికొచ్చిందంటాడు.

రావడం అంటావా, లాండ్రీ ఎవరి మొహాన వదిలి రమ్మంటావు?

యాభైల్లో నాకు వేడి ఆవిర్లు వచ్చేవి. లాండ్రీలో ఎలాగూ ఆవిరే కాబట్టి ఎవరికీ తెలియలేదు.

నీ పెద్ద వదిన


ఫిబ్రవరి 27

వదినా,

కొంప ముంచారు.

మీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి మీ తమ్ముడు అన్నం సరిగ్గా తినడం లేదు. బేరాలు పక్కన పెట్టి నాకు సీట్లు కుడుతున్నాడు. మొదటిదానికి లోపల మెత్త ఎక్కువ పెట్టాడు. రెండోదానికి మధ్యలో గాడి తీశాడు. మూడోది వెడల్పుగా చేస్తే తొడలు ఒరుసుకుంటున్నాయి. రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడి నా నడక చూసి, "ఇది కూడానా" అంటాడు. ఆ గొంతు వినలేకపోతున్నాను. పాత సీటు బంగారంలా ఉండేది, తొమ్మిదేళ్ళలో ఒక్క కుట్టు ఊడలేదు. తప్పు సీటుది కాదు.

మొదటి ఉత్తరంలోనే తిన్నగా రాసి ఉండాల్సింది. సిగ్గుపడి మంట అని ఊరుకున్నాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను, చదివి చింపేయండి.

నాకు నెలసరి ఆగిపోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచీ కింద అంతా పొడిబారిపోయింది. నడిస్తే ఒరిపిడి, కూర్చుంటే మంట. ఉచ్చ పోస్తే భగ్గుమంటుంది. పోసి వచ్చిన కాసేపటికే మళ్ళీ వస్తున్నట్టుంటుంది. బీటులో నా దారి ఇప్పుడు ఉత్తరాల ప్రకారం సాగడం లేదు, ఎక్కడ బాత్రూమ్ అడగొచ్చో దాని ప్రకారం సాగుతోంది. బళ్ళో ఒకటి, పళ్ళ డాక్టరు దగ్గర ఒకటి. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి నాకు పంటి జబ్బేదో ఉందనుకుని జాలిగా చూస్తోంది.

ఇంకోటి. మీ తమ్ముడి విషయం మీతో రాయడమేమిటని చేయి ఆగుతోంది, అయినా మీరు కాకపోతే ఎవరికి రాయను. దగ్గరకొస్తే నొప్పి. నొప్పి అని చెప్పలేక మధ్య గదిలోకి మకాం మార్చాను. కారణం అడగడు కదా ఆయన, ఊహించేసుకుంటాడు. గురక వల్ల వెళ్ళాననుకుని, గడ్డం కింద నుంచి తల మీదికి బిగించుకునే తోలు పట్టీ ఒకటి కుట్టుకున్నాడు. బకిల్ కూడా పెట్టాడు. అది పెట్టుకుని మంచం మీద కూర్చుని నావైపు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియక లైటు ఆర్పేశాను.

మీకూ ఇలా ఉండేదా అని మళ్ళీ అడుగుతున్నాను. ఆవిర్ల గురించి కాదు.

మరదలు


మార్చి 7

మరదలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, చెప్పినట్టే చింపేశాను. చింపాక నాలుగోసారి చదవాలనిపించి ముక్కలు ఏరాను. ఆ పట్టీ గురించి చదివినప్పుడు కౌంటర్ మీద తలపెట్టి నవ్వితే, సూటు తీసుకెళ్ళడానికొచ్చిన ఆయన ఏడుస్తున్నాననుకుని బిల్లు మీద తగ్గింపు అడగకుండా వెళ్ళిపోయాడు.

నువ్వు రాసిందంతా వయసుతో వచ్చేదే. దానికి మందూ మాకూ ఉండవు. ఓర్చుకోవడమే. అయితే ఒకటి చెప్తాను విను. మంట, దురద అంటే శుభ్రం చాలలేదని అర్థం. ముప్ఫై ఏళ్ళుగా ఊరి మురికి వదలగొడుతున్నదాన్ని, నాకు తెలియదా. రెండు పూటలా సబ్బుతో బాగా కడుక్కో. మామూలు సబ్బు వద్దు. పసిపిల్లల బట్టలకి వాడే మంచి సబ్బు నా దగ్గరుంది, ఆరు కడ్డీలు పార్సెల్ చేస్తున్నాను. నీ పార్సెల్ నువ్వే మోసుకోవాలి, ఏం చేస్తాం.

బీటు మాత్రం వదలకు. నిన్ను కౌంటర్లో ఊహించుకోలేను. వచ్చినవాళ్ళతో కబుర్లు పెట్టుకుని వరస బజారుదాకా పెరగనిస్తావు.

నా సంగతి అడిగావు. నాకేం, నేను బాగానే ఉన్నాను.

నీ వదిన


మార్చి 25

వదినా,

మీ సబ్బు అందింది. మీరు చెప్పినట్టే రెండు పూటలా కడిగాను. ఒంటిపూట చాలు అని మీరు రాసి ఉంటే ఒంటిపూటే ఏడ్చేదాన్ని. వారం తిరిగేసరికి సైకిల్ కాదు కదా, కుర్చీలో కూడా ఓ పక్కకి ఒరిగి కూర్చునే స్థితికి వచ్చాను. ఉత్తరాలు వేరు చేసే బల్ల దగ్గర నిలబడే ఉంటున్నానని పోస్ట్‌మాస్టర్ పిల్ల పక్కకి పిలిచి, "ఏంటండీ" అని అడిగింది. అంతే, ఏడుపొచ్చేసింది. మర్నాడు సెలవిచ్చి వాళ్ళమ్మ చూపించుకునే లేడీ డాక్టరు దగ్గరికి పంపింది.

ఆ డాక్టరు వయసులో మీ అంత. చూసి, అడిగి, ఉచ్చ పరీక్ష చేయించి, సీలు ముద్ర వేసినట్టు ఠక్కున చెప్పింది. "నెలసరి ఆగాక ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. దాంతో యోని పొర పలచబడి, తడి లేక పొడిబారుతుంది. పక్కనే ఉన్న మూత్రం దారి కూడా అంతే. అందుకే మంట, అందుకే మాటిమాటికీ పరుగు. మీరొక్కరే కాదు, మీ వయసు ఆడవాళ్ళలో సగం మందికి ఉంటుంది. చెప్పేవాళ్ళే ఉండరు." యోని అన్న మాట అంత మామూలుగా, చెయ్యి అన్నట్టు, ముక్కు అన్నట్టు అనేసింది. నేను కిటికీ వైపు చూశాను. ఆవిర్లయితే వాటంతటవే తగ్గుతాయట, ఇది తగ్గదట. వదిలేస్తే ఏటికేడు పెరుగుతుందట.

సబ్బు గురించి చెప్పాను. ఎవరిచ్చారని అడగలేదు లెండి. ఆ చోటికి సబ్బే వద్దు, మామూలు నీళ్ళు చాలంది.

లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము రాసిచ్చింది. ట్యూబుతో పాటు చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, గీత దాకా నింపి పడుకునే ముందు లోపల పెట్టుకోవాలి. మొదటి రెండు వారాలూ రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. మంచి ధైర్యంతో మందుల షాపులో కొనుక్కొచ్చాను. ఇంటికొచ్చి డబ్బాలో మడతపెట్టిన కాగితం విప్పాను, ఆ ధైర్యం కాస్తా దిగిపోయింది. క్యాన్సర్ అని ఉంది. గుండెపోటు, పక్షవాతం, మతిమరుపు కూడా ఉన్నాయి. ఇన్ని జబ్బులు ఇంత చిన్న ట్యూబులో ఎలా పట్టాయో తెలియదు. డబ్బా పారేసి ట్యూబు తీసుకెళ్ళి, వెనక వరండాలో సైకిల్ పంపు, పానాలు పెట్టే సొరుగులో పడేశాను. రాసుకోలేదు.

కౌంటరు కోసం అర్జీ కూడా ఇచ్చేశాను. పోస్ట్‌మాస్టర్ తీసుకుని, మే ఆఖరు దాకా పైకి పంపననీ, మనసు మారితే చెప్పమనీ అంది. మారదు.

మీ మీద కోపం లేదు. మిగిలిన సబ్బు కడ్డీలు గిన్నెలకి వాడుతున్నాను, మెరుస్తున్నాయి.

ఓ పక్కకి ఒరిగిన మరదలు


ఏప్రిల్ 2

మరదలా,

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నువ్వు కోపం లేదని రాసినకొద్దీ నాకు మరీ సిగ్గేస్తోంది. మంచికే పంపానే. చేతికి తగిలితే మెత్తగా ఉంటుంది కదా అనుకున్నాను. బట్టలూ ఒళ్ళూ ఒకటి కాదని ఈ వయసులో నేర్చుకున్నాను.

ఆ ట్యూబు మాత్రం తియ్యకు. క్యాన్సర్ అని అచ్చేసి మరీ అమ్ముతున్నారంటే ఎంత గుండె ధైర్యం వాళ్ళకి. నువ్వు పారేసే దాకా నాకు నిద్ర పట్టదు. బీటు పోతే పోయింది, మనిషివి నువ్వు ఉండాలి. కౌంటర్లో కూర్చో. వరస పెరిగితే పెరగనీ.

మావాడు ఏమంటున్నాడు? వాడికి చెప్పావా? నేను ఫోన్ చెయ్యనులే, ఒట్టు.

డ్రయ్యరు బాగైంది. ఇప్పుడు నీళ్ళ మోటారు పాడైంది.

ఊరికే అడుగుతున్నాను. ఆ డాక్టరు ఉచ్చ తొందర గురించి కూడా చెప్పిందన్నావు కదా, అది కూడా ఈ మందుతో తగ్గుతుందని అందా, లేక మంటే తగ్గుతుందందా? మా ఇస్త్రీ ఆవిడకెవరికో కావాలట.

నీ వదిన


ఏప్రిల్ 14

వదినా,

తలుపేసుకుని చదవండి, నవ్వు ఆగదు.

పోయిన బుధవారం బీటుకి బయల్దేరాను. సీటెక్కగానే జర్రున ముందుకి జారాను. సర్దుకుని కూర్చుంటే మళ్ళీ జారాను. వంతెన మీద కాళ్ళు రెండూ కింద పెట్టి, హ్యాండిల్ పట్టుకుని నిలబడిపోయాను. లెక్కల మాస్టారి గేటు దగ్గరైతే దిగడం నా చేతిలో లేకుండానే దిగిపోయాను. ఆఫీసుకొచ్చి చూసుకుంటే యూనిఫాం వెనకాల అరచెయ్యంత తెల్ల మరక. సీటంతా నున్నగా జిడ్డుగా, దీపం పెడితే మొహం కనపడేలా ఉంది.

సాయంత్రం మీ తమ్ముడు గుమ్మంలో నిలబడి ఎప్పట్లాగే నా నడక చూశాడు. ఈసారి మొహంలో ఆశ ఉంది. "ఇవాళ బాగుందా?" అన్నాడు.

"సీటుకేం రాశారు?" అన్నాను.

"నువ్వు తెచ్చిన క్రీమే" అన్నాడు. "సొరుగులో కనపడింది. నా దగ్గర తోలు మెత్తబరిచే సరుకు నాలుగు రకాలుండగా, నాకు చెప్పకుండా బయట కొన్నావంటే నా సరుకు మీద నమ్మకం పోయిందనుకున్నా. బాధేసింది. అయినా నువ్వు కొన్నది కదా అని మొత్తం పట్టించా. మంచి సరుకే, తోలు బాగా తాగింది."

వరండాలో కింద కూలబడి నవ్వాను వదినా. ఏడాదిగా అంత నవ్వలేదు. ఆయన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. నవ్వి నవ్వి, ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. కర్టెన్ అవతల ఎవరో బెల్టుకి కన్నం వేయించుకోవడానికి వచ్చి ఉన్నారు. ఆయన వెళ్ళి, "ఇవాళ దుకాణం మూసేశాం" అని షట్టరు దించి వచ్చి పక్కన కూర్చున్నాడు. అప్పుడు అంతా చెప్పాను. పొడి, మంట, నొప్పి, మధ్య గది, సబ్బు, కాగితం, అన్నీ.

"అయితే గురక కాదా" అన్నాడు ఆయన. కాదన్నాను. "సీటూ కాదు" అన్నాడు. కాదన్నాను. "నా మీద విసుగు కూడా కాదు." ఇన్నాళ్ళూ ఆయన కుట్టిన సీట్లన్నీ నన్ను మళ్ళీ పక్కకి రప్పించుకోడానికే కుట్టాడని అప్పుడు అర్థమైంది. నేను చెప్పని ఒక్క మాట వల్ల ఆయన ఎంత తోలు ఖర్చుపెట్టాడో.

మర్నాడు ఖాళీ ట్యూబు జేబులో పెట్టుకుని తనే మందుల షాపుకెళ్ళాడు. షాపావిడ, "అప్పుడే అయిపోయిందా, రెండు నెలలు రావాలే?" అందట. ఈయన అబద్ధం ఆడలేడు కదా, "సీటుకి రాశానండీ" అన్నాడట. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుందట. ఈయన అక్కడే నిలబడి ఆ కాగితంలోని జబ్బులన్నీ ఒక్కోటీ అడిగాడు. ఆవిడ బయటికొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పిందట. ఒళ్ళంతా పాకే హార్మోను మాత్రల మీద ఎప్పుడో చేసిన పరిశీలనల నుంచి వచ్చిన హెచ్చరికలట అవి, కాగితంలో అందరికీ ఒకటే రాసేశారట. ఈ క్రీము కొంచెమే, పెట్టిన చోటే పనిచేస్తుందట. రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువట. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళయితే ముందు తమ డాక్టరుతో మాట్లాడుకోవాలట. రక్తం కనపడితే మాత్రం ఎవరైనా సరే వెంటనే డాక్టరుని కలవాలట. నేను మళ్ళీ వెళ్ళి లేడీ డాక్టరుని అడిగాను, అదే చెప్పింది. "ఆ కాగితం చూసి ఆగిపోయినవాళ్ళని లెక్కపెడితే నా వరండా చాలదు" అంది.

మొన్నట్నుంచి మొదలుపెట్టాను. గొట్టంలో క్రీము నింపడం చూసి మీ తమ్ముడు, గీత సరిగ్గా చూడమని దుకాణంలో వాడే భూతద్దం తెచ్చిచ్చాడు.

మీ ఇస్త్రీ ఆవిడకి చెప్పండి. తొందర కూడా చాలామందికి తగ్గుతుందంది డాక్టరు, కానీ ముందు చూపించుకోవాలి, వేరే కారణమేదైనా ఉందేమో తెలియాలి కదా.

మే నెలలో దుకాణం పెట్టి పాతికేళ్ళు. రండి వదినా. ఈసారి సాకు చెప్పకండి.

మీ మరదలు


ఏప్రిల్ 23

మరదలా,

నవ్వాను. అసలు సంగతి చెప్పకుండా ఎందుకు నవ్వుతున్నానో మీ అన్నయ్యకి చెప్పడం ఎంత కష్టమో నీకు తెలియదు. ఆఖరికి చెప్పేశాను. ఆయన పడీ పడీ నవ్వి, "ఆ సీటుకి ఇక ముసలితనం రాదు" అన్నాడు.

నీ ధైర్యం నీది. జాగ్రత్తగా వాడు, ఏదైనా తేడా వస్తే ఆపు.

మే నెలలో పెళ్ళిళ్ళ హాలు వాళ్ళ బట్టలుంటాయి, కదలడం కుదరదు. మావాడికి ఒక చొక్కా పంపుతున్నాను. ఇస్త్రీ నేనే చేశాను.

నీ వదిన


మే 20

వదినా,

చొక్కా అందింది. మీ తమ్ముడు వేసుకుని మురిసిపోయాడు. "మా అక్క మడత" అని కాలరు విప్పనివ్వలేదు.

నా సంగతి. మొదటి వారం ఏమీ తెలియలేదు, కాస్త చిరచిర తప్ప. మూడో వారంలో ఒకరోజు లెక్కల మాస్టారి గేటు దగ్గర మామూలుగా దిగి, "ఏం లేవండీ" అని చెప్పి, మామూలుగా ఎక్కాను. సందు చివరికొచ్చాక గుర్తొచ్చింది, కూర్చునే తొక్కానని. ఇంకా పూర్తిగా పోలేదు, మూడు నెలలు పట్టొచ్చంది డాక్టరు, మానేస్తే మళ్ళీ వస్తుందనీ చెప్పింది. ఇప్పుడు వారానికి రెండుసార్లే. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గించాను. అక్కడి అమ్మాయి, "నొప్పి తగ్గిందాండీ?" అంది. తగ్గిందన్నాను, అబద్ధం కాదు.

మధ్య గదిలో ఇప్పుడు తోలు చుట్టలు పెట్టుకున్నాడు మీ తమ్ముడు. అంతకంటే మీకు రాయను.

మొన్న వెళ్ళి అర్జీ వెనక్కిమ్మని అడిగాను. పోస్ట్‌మాస్టర్ పిల్ల సొరుగులోంచి తీసి, చింపి, బుట్టలో వేసి, "మీరు అడుగుతారని దీన్ని ఇందులోంచి కదల్చనే లేదు" అంది.

అంతా బాగుంది. మీతోనే బాగాలేదు.

దుకాణం పాతికేళ్ళ రోజున మీ తమ్ముడు బస్సు వచ్చే వేళకి వీధి చివర నిలబడ్డాడు. రానని మీరు రాసినా నిలబడ్డాడు. నాకు కారణం తెలుసులెండి. ఏడేళ్ళ కిందట మీరు వచ్చినప్పుడు, దుకాణంతో సహా ఈ ఇంటికి అప్పుడే మారాం, సామాను సర్దలేదు, మిమ్మల్ని దుకాణంలో ఇనప మంచం మీద పడుకోబెట్టాను. నాలుగు రోజులుంటానని వచ్చి రెండో రోజే వెళ్ళిపోయారు. లాండ్రీ అన్నారు, డ్రయ్యరు అన్నారు, మోటారు అన్నారు. కోపమొస్తే తిట్టండి, తింటాను. ఇంత రాసుకున్నాక కూడా సాకులు పంపితే మాత్రం నాకు కష్టంగా ఉంది.

మరదలు


మే 29

నా బంగారు మరదలా,

ఇనప మంచమా? ఆ మంచం మీద నేను పడుకున్నట్టే గుర్తులేదే. ఏడేళ్ళు ఆ మంచాన్ని మోశావా పిచ్చిదానా.

ఇస్త్రీ ఆవిడ ఎవరూ లేదు. అది నేనే.

మీ ఊరికి బస్సు అయిదు గంటలు. మధ్యలో ఒక్కచోట ఆపుతాడు. ఆ రోజు నీ దగ్గర్నుంచి తిరిగి వస్తుంటే రైలు గేటు పడింది. గూడ్సు బండి వచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది. నేను డ్రైవరుని అడుగుదామనుకుని లేచి, అందరూ చూస్తున్నారని మళ్ళీ కూర్చున్నాను. అంతే. ఆపుకోలేకపోయాను. ఊరందరి మరకలూ వదలగొట్టేదాన్ని, నా ఒళ్ళో సంచి పెట్టుకుని, అందరూ దిగేదాకా దిగకుండా కూర్చున్నాను. నీ దగ్గర్నుంచి రెండో రోజే వచ్చేసింది కూడా అందుకే. అందరూ లేచేలోపు, అందరూ పడుకున్నాక బాత్రూముకి పరుగులు పెడుతుంటే, మావాడు, "అక్కా, ఒంట్లో బాగాలేదా" అన్నాడు. వాడు మళ్ళీ అడుగుతాడేమోనని పారిపోయాను.

అప్పట్నుంచి బస్సెక్కలేదు. సినిమాకి వెళ్ళలేదు. మీ అన్నయ్య వ్యాన్‌లో కూడా ఊరు దాటలేదు. లాండ్రీలో బాత్రూము నాలుగు అడుగుల్లో ఉంటుంది, అందుకే లాండ్రీ వదలనని ఎవరికీ తెలియదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే రాసి ఉండాల్సింది. నువ్వు రెండుసార్లు అడిగావు. నోరున్నదాన్ని, ఒక్క మాట రాలేదు నాకు.

నా మీద కోపం తెచ్చుకో. ఇనప మంచం మీద మాత్రం వద్దు.

నీ వదిన


జూన్ 4

వదినా,

కోపం లేదు. నిజంగానే లేదు. మీ ఉత్తరం సార్టింగ్ బల్ల దగ్గరే చదివి, కళ్ళు తుడుచుకుని, సాయంత్రం వెళ్ళి అడిగి, మీకోసం లేడీ డాక్టరు పేరు, మీ ఊళ్ళో ఆవిడకి తెలిసిన డాక్టరు పేరు రాసి తెచ్చుకున్నాను. విడిగా కాగితం మీద పెడుతున్నాను. వెళ్ళండి. సబ్బు మాత్రం పట్టుకెళ్ళకండి.

మీ తమ్ముడికి చెప్పలేదు. మీరు చెప్పేదాకా నా నోట్లో మాట దాగుతుంది, మీ నోట్లో దాగినట్టు కాదు.

మరదలు


సెప్టెంబర్ 6, బస్సులోంచి

మరదలా,

అక్షరాలు వంకరగా ఉంటే బస్సుని తిట్టు, నన్ను కాదు.

నేను వెళ్ళాను. పరీక్షలు చేశారు. నాకు క్రీము వద్దన్నాను. పక్క దుప్పట్లకి అంటితే ఆ మరక ఏ నీళ్ళకి వదులుతుందో నాకే తెలియదు. లోపల పెట్టుకునే చిన్న మాత్రలు ఇచ్చారు, మందు అదే. దాంతోపాటు, ఉచ్చ ఆపుకునేటప్పుడు బిగించినట్టు బిగించి వదిలే వ్యాయామం ఒకటి నేర్పారు. కౌంటర్లో కూర్చుని బిల్లులు రాస్తూ చేస్తున్నాను. నా మొహం చూసి బిల్లు మీద బేరమాడేవాళ్ళు తగ్గారు. మొత్తం తగ్గిపోయిందని చెప్పను. కానీ తొందర వస్తే దాన్ని కాసేపు ఆగమని అనగలుగుతున్నాను, అది ఆగుతోంది.

నిన్న మీ అన్నయ్యతో, "రేపు తమ్ముడింటికి వెళ్తున్నా, లాండ్రీ నువ్వు చూసుకో" అన్నాను. ఆయన ఇస్త్రీ పెట్టె అలాగే పట్టుకుని నిలబడిపోతే ఎవరిదో చొక్కా కాలింది. డబ్బు కట్టాలి, పోనీ.

ఇందాక బస్సు ఆపాడు. టీ తాగేవాళ్ళు, బాత్రూముకి వెళ్ళేవాళ్ళు, కాళ్ళు చాపుకునేవాళ్ళు, అందరూ దిగారు. డ్రైవరు కూడా దిగాడు. నేను దిగలేదు. దిగాల్సిన పని లేక దిగలేదు. ఖాళీ బస్సులో కిటికీ తీసుకుని, ఒళ్ళో సంచి పక్కన పెట్టి, నీకు ఇది రాస్తున్నాను. కండక్టరు వెనక్కొచ్చి, "దిగరా అమ్మా? తర్వాత ఎక్కడా ఆపం" అన్నాడు. "నడుపు నాయనా" అన్నాను.

దీనికి స్టాంపు అంటించడం లేదు. నీ సంచిలోకి వెయ్యడం లేదు. బస్సెక్కేముందు మావాడికి ఫోన్ చేశాను, వీధి చివర నిలబడి ఉంటాడు, నిలబడనీ. నువ్వు మాత్రం బీటు ముగించుకుని సైకిల్ తొక్కుతూ రా. ఆ సీటు మీద కూర్చుని వస్తుంటే చూడాలని ఉంది. చూశాక ఇది నీ చేతికిస్తాను.

నీ వదిన